బోర్డు మీద ఏడో సంగతి

వెంకటనర్సమ్మను చంపింది చంద్రభాగ టాకీస్ యజమాని. పైకప్పు పెచ్చులూడుతోందని నాలుగుసార్లు చెప్పినా బాగుచేయించలేదు. బాల్కనీ ఊడుస్తుంటే పెచ్చు ఆమె నెత్తినే పడింది. ఆమె తమ దగ్గర పనిచేసే మనిషే కాదని, సినిమా చూడ్డానికి వచ్చిందని పోలీసులకు రాసిచ్చాడు.

ఆమె భర్త కనకరాజు ముప్పై ఏళ్లుగా ఆ హాల్లోనే ఆపరేటర్. ఆమె పోయిన ఏడాదికి నాచారంలోని ఆ హాలుకు యాభై ఏళ్లు నిండాయి. గేటు పక్కన రంగుల బోర్డు వెలిసింది: ‘మన హాలు, ఆసక్తికరమైన సంగతులు’. ఉప్పల్ వైపు మొదటి పెద్ద తెర ఇదేనట. కాప్రా నుంచి జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారట. ఊరి బడిలో ఐదు చదివిన కనకరాజు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. ఏడో సంగతి: ఈ హాల్లో ఇంతవరకు ఒక్క ప్రమాదమూ జరగలేదు.

పనివాళ్లు సైకిల్ స్టాండులో కూడారు. ఉన్న పని కూడా పోతుందని గేటు అబ్బయ్య గొణిగాడు.

“నర్సమ్మ ఈడ పనిజేయకపోతే నేనెవర్ని?” అంది ఊడ్చే దానమ్మ. “రేపు నా నెత్తిన వడితే నేను గూడ సిన్మా సూడనొచ్చినదాన్నే. ఆ ఏడో సంగతి చెరిపేదాంక బొమ్మ పడొద్దు. మేం తెర ముందట నిలబడ్తం. రాజన్నా, నువ్వు మీట ముట్టకు. గంతే.”

“ముట్టనే ముట్ట,” అన్నాడు కనకరాజు.

ఆదివారం మ్యాట్నీకి హాలు నిండింది. తొమ్మిది మంది చేతులు పట్టుకుని తెర ముందు నిలబడ్డారు. దానమ్మ మాట్లాడుతుంటే ముందు వరుసలు మెత్తబడ్డాయి. పెచ్చు పడింది నిజమేనని, ఆ రోజు తానూ ఉన్నానని ఒక ముసలాయన లేచి చెప్పాడు. యజమాని దిగొచ్చాడు. పెయింటర్‌ను పిలిచి చెరిపిస్తానని గేటు దాకా నడిచాడు.

అప్పుడు బాల్కనీలో ఎవడో ఈల వేశాడు. ఈల వెంట ఈల. ఈల వినబడితే బొమ్మ ఆగినట్టు. ఆగితే తిట్లు ఆపరేటర్‌కు. ముప్పై ఏళ్ల అలవాటు. పైన ఆపరేటర్ గదిలో కనకరాజు చెయ్యి అతన్ని అడగలేదు. మీట నొక్కింది.

దీపాలు ఆరాయి. వెలుగు దానమ్మ మొహం మీద పడింది. పాట మోతలో ఆమె గొంతు మునిగింది. జనం సర్దుకుని కూర్చున్నారు. కనకరాజు ఆపబోతే, గదిలోకి వచ్చిన హాలు మేనేజర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. యజమాని గేటు దగ్గరే వెనక్కి తిరిగి పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు ఈడ్చుకెళ్తున్నా తొమ్మిది మందీ పట్టిన చేతులు వదల్లేదు. వాళ్ల వీపుల మీద హీరోయిన్ ఆడింది.

మరునాడు బోర్డు మీద ఎనిమిదో సంగతి చేరింది: యాభై ఏళ్లలో ఒక్క ఆటా ఆగలేదు.

బెయిలు మీద వచ్చిన తొమ్మిది మందికీ పని పోయింది. గేటు ముందు ఎండలో వరుసగా నిలబడ్డారు. జనం వాళ్లను చూస్తూనే టికెట్లు కొని లోపలికి పోతున్నారు. పని మానేసిన కనకరాజు వచ్చి చివర్న నిలబడ్డాడు.

“ఎందుకేసినవ్ అన్నా?” అంది దానమ్మ, చెయ్యి చాపుతూ.

అతడు కుడి చెయ్యి జేబులోనే ఉంచి ఎడమ చెయ్యి ఇచ్చాడు.

“అది ఇంకోసారి అడగకు,” అన్నాడు.