జానెడు జానెడుగా దిగినవాడు

దొరలు ఏలే కాలంలో, బేస్తవారిపేట పక్కన ఒక పాలెంలో చర్చి గోపురం లేస్తా ఉంది. పొద్దున్నే కూలోళ్లు సంగటి తిని పరంజా ఎక్కేవాళ్లు. ఎక్కేముందు మేస్త్రీ పిచ్చయ్య ఒక్కొక్కరి నడుముకు తాడు కట్టి, రెండో కొన పైదూలానికి బిగించేవాడు.

ఆరోజు సున్నం గంపలు లాగే మోకు తెగింది. వాన కమ్ముకొస్తా ఉంది. పిచ్చయ్య, సామ్యేలనే కూలోని నడుము తాడు విప్పించి గంపకు కట్టినాడు. "ఈ ఒక్క పూటకు ఏంగాదులేరా" అన్నాడు. కాసేపటికే సామ్యేలు కాలు జారింది.

పడినాడు గానీ నేలకు రాలేదు. రోజుకు జానెడు చొప్పున గాలిలో దిగుతా ఉన్నాడు. పని ఆగలేదు. పెండ్లాం యేసుమణి వెదురు గడకు ముంత కట్టి గంజి అందించేది. నేల తాకిననాడు నలభై అడుగుల దెబ్బా ఒక్కసారే తగులుతుందని మాత్రం అందరికీ తెలుసు.

"తాడెందుకు కట్టుకోలేదు ఈ మనిషి?" అని యేసుమణి ఏడ్చింది.

"చెప్తే వినలా. నేనేం జేసేది?" అన్నాడు పిచ్చయ్య.

పైనుంచి సామ్యేలు విన్నాడు. పిచ్చయ్య దిక్కే చూసినాడు. ఆనాటినుంచి పిచ్చయ్య తల పైకెత్తి వాని దిక్కు చూడలేదు.

సామ్యేలు పాదాలు మనిషి తల ఎత్తుకు దిగినాక, పిచ్చయ్య గడ్డపార తెచ్చి వాని కింద తవ్వడం మొదలుపెట్టినాడు. రాయి తగిలినా ఆగలేదు. అరచేతులు పగిలినాయి.

"ఎంతకని తవ్వుతావు మామా?" అన్నాడు నెత్తిమీదినుంచి సామ్యేలు.

"నీకు నేల తగలకుండా ఉన్నంతకాలం."

"ముందు నా పెండ్లానికి నిజం చెప్పు. అది రోజూ నన్నే తిడతా ఉంది."

పిచ్చయ్య గట్టెక్కి యేసుమణి ముందు నిలబడినాడు. "తాడు నేనే విప్పించినానమ్మా. నీకు అబద్ధం చెప్పినా."

ఆమె తట్ట తెచ్చి గుంతలోని మట్టి బయటికి ఎత్తిపోసింది.

ఇంకో నెలకు ఊట తగిలింది. రెండు నిలువుల నీళ్లు ఊరినాయి. సామ్యేలు కాలు నీటిని తాకగానే పిడుగు పడినట్టు చప్పుడై నీళ్లు గట్టుదాకా ఎగిసినాయి. వాడు దగ్గుకుంటా పైకి తేలినాడు.

అదివరకు మైలు దూరం వాగుకు పోయే పాలెం, ఆ బావి నీళ్లు తాగింది. పిచ్చయ్య తాగలేదు.

ఒకనాడు యేసుమణి కడవతో ఆయన ముందుకొచ్చింది. "దోసిలి పట్టు."

"నాకు తగదమ్మా."

"క్షమించినానని ఎవరన్నారు? దప్పికైంది గదా, తాగు."

దోసిలి సందుల్లోంచి సగం నీళ్లు మట్టిపాలైనాయి. ఆమె మళ్లీ పోసింది.