మూడోసారి తిరిగొచ్చిన కవరు

అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకి అంటించవద్దని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. ఆ పొద్దున మళ్లీ స్నానాల గదిలోంచి తెచ్చి భర్తకి చూపించింది. తెల్ల సబ్బు వీపున పచ్చముక్క, దెబ్బ మీద పట్టీలా. పారేస్తే ఏం పోతుందని అడిగింది. ఇంకో నాలుగు రోజులొస్తుంది కదా అన్నాడాయన, మెడ దగ్గర గుండీ పెట్టుకుంటూ.

"అమ్మా, నీ ఫిర్యాదు మూడు ప్రతుల్లో లేదు. నాన్న తీసుకోరు," అంది కూతురు జడ వేసుకుంటూ. తల్లీకూతుళ్లు నవ్వుకున్నారు. ఆయన చెప్పులేసుకున్నాడు.

జడ్జీల మీదా లాయర్ల మీదా వచ్చే ఫిర్యాదులు చేరే విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన గుమాస్తా. ఫిర్యాదు నిజమో అబద్ధమో తేల్చడం ఆయన పని కాదు. మూడు ప్రతులున్నాయా, పేజీపేజీకీ సంతకం ఉందా, ప్రమాణపత్రం జతచేశారా, అంతవరకే. ఏది లేకపోయినా నీలం చీటీ అంటించి వెనక్కి పంపుతాడు. అందరూ లోపాల మాస్టారనేవారు. ఆయనకి ఆ పిలుపు లోలోపల ఇష్టమే. తన చేతి మీదుగా లోపలికి వెళ్లిన కాగితం ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు.

పదకొండింటికి టపా వచ్చింది. అందులో తన చేతిరాతే ఉన్న కవరొకటి కనిపించింది. చిరునామా మీద ఎర్రసిరాతో అడ్డంగా రాసి ఉంది: చనిపోయారు.

ఆ కవరు చేరాల్సిన ఆవిడ బట్టలు కుట్టేది. అంగడి గది కోసం దావా వేస్తే, సొంత లాయరే ఖాళీ కాగితం మీద సంతకం చేయించుకుని అవతలివాళ్లతో రాజీ రాసేశాడు. జడ్జి ఆవిడని ఒక్క మాటైనా అడక్కుండా ఆ రాజీని ఖాయం చేశాడు. ఫిర్యాదు ఇద్దరి మీదా. మొదటిసారి ప్రతులు చాల్లేదని, రెండోసారి ఒక పేజీకి సంతకం లేదని, మూడోసారి ప్రమాణపత్రం లేదని ఆయనే టపాలో వెనక్కి పంపాడు.

మూడోసారి కాగితాలివ్వడానికి ఆవిడ స్వయంగా వచ్చింది. ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాల్సిన నోటరీలందరూ లాయర్లే. ఆ లాయరు పేరు చూసి ఒక్కొక్కరూ పని ఉందంటూ లేచిపోయారట. బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది. చూపుడువేలు నిండా సూదిపోట్లు.

"నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు బాబూ. ఎవరి ముందు చెయ్యమంటే వాళ్ల ముందు చేస్తాను ప్రమాణం. మీ ముందు చెయ్యమంటారా?"

తన ముందు కుదరదన్నాడు. అది నిజమే. కానీ పక్క గదిలో కూర్చునే సూపరింటెండెంటు ముందు కుదురుతుంది. తొమ్మిదో నిబంధనలో ఉంది. ఎవరూ అడగరు, ఆఫీసువాళ్లు చెప్పరు. చెప్పకూడదని ఎక్కడా లేదు, అలవాటు. పది అడుగుల దూరంలో తెరిచి ఉన్న ఆ తలుపు వైపు ఆయన కనీసం చెయ్యి చూపలేదు.

సూపరింటెండెంటు కవరు చూసి, ఫిర్యాదీయే లేనప్పుడు ఫిర్యాదు ఏముంది, రిజిస్టర్లో ముగించేయండి మాస్టారూ అన్నాడు. రెండు మాటలు రాస్తే అయిపోతుంది. ఆయన పెన్ను తెరిచాడు, మూశాడు. సాయంత్రం దాకా ఆ గడి ఖాళీగానే ఉంది. వెనక్కి పంపిన కాగితం ఆఫీసుది కాదు కనక కవరు సంచీలో పెట్టుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన ఎప్పటిలాగే మెతుకు వదలకుండా తిన్నాడు. మజ్జిగ పోసుకున్నాక కవరు తీసి బల్ల మీద పెట్టి, జరిగింది మొదట్నుంచీ చెప్పాడు, ఆ తలుపు సంగతితో సహా. కూతురు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"విషయం తెలిసినవాళ్లెవరైనా వెయ్యొచ్చు. గడువు ఇంకా పదకొండు రోజులుంది. రేపు ఇది నా పేరు మీద వేస్తున్నాను. మొదటి పేజీలో నేను చేసింది రాస్తాను," అన్నాడాయన.

ఫిర్యాదు వేసినవాడు ఆ సీట్లో ఉండకూడదని భార్యకీ తెలుసు. సీటు పోతుంది, తనమీదే విచారణ వస్తుంది, పింఛను ఆగుతుంది.

"రిటైరవడానికి ఎనిమిది నెలలేగా ఉంది. ఆగలేరూ?" అంది మెల్లగా.

"ఆవిడ ఆగింది కదే."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆమె తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని కవరులోంచి కాగితాలు బయటికి తీసింది. పిన్ను లేదు. అంచు వెంబడి తెల్లదారంతో చేతికుట్టు, సన్నగా, ఎక్కడా వంకర లేకుండా. చివర ముడి వెయ్యలేదు. ఇంకో కాగితం తెమ్మంటారేమోనని కాబోలు, జానెడు దారం వదిలిపెట్టి ఉంది.