ఆర్నీ వాకిట్లో ఆగిన బస్సు

భానుశ్రీ మంచు కురవడం మొదటిసారి చూసింది ఉద్యోగం మీద వెళ్ళినప్పుడే. గుంటూరు నుంచి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో స్థిరపడింది. అక్కడ చలికాలమంటే ఒక స్వెట్టరు, నాలుగు వానలు. ఆమె పనిచేసే చిన్న కంపెనీ డ్రైవర్ లేకుండా నడిచే షటిల్ బస్సులు తయారుచేస్తుంది. కాలిఫోర్నియా ఎండలో అవి బుద్ధిగానే తిరిగాయి. మంచులో తిరగగలవో లేదో తేల్చడానికి ఒక బస్సునీ, దాంతోపాటు భానుశ్రీనీ మిన్నెసోటా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న హాల్వర్ బే అనే ఊరికి పంపించారు.

బస్సుకి స్టీరింగ్ లేదు. అవసరమైతే చేత్తో నడపడానికి, పిల్లలు వీడియో గేములాడే కంట్రోలర్ లాంటిది ఒకటి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునే మనిషి లోయిస్. ఆ ఊళ్ళో స్కూల్ బస్సు నడిపి రిటైరయింది. భానుశ్రీ ల్యాప్‌టాప్‌తో వెనక సీట్లో కూర్చునేది. ఆస్పత్రి, లైబ్రరీ, కిరాణా కొట్టు, ఊరి చివర పెద్దవాళ్ళుండే అపార్ట్‌మెంట్లు చుట్టి బస్సు మళ్ళీ మొదటికొచ్చేది. టికెట్ లేదు.

రోజూ ఎక్కేవాళ్ళలో ధర్మారావుగారొకరు. ఆయన కూతురు ఆ ఊరి ఆస్పత్రిలో డాక్టరు. ఆమె దగ్గర ఆర్నెల్లుందామని వచ్చారు. కారు నడపడం రాదు. బస్సు రాకముందు ఆయనకి కిటికీ తప్ప వేరే లోకం లేదు. ఇప్పుడు లైబ్రరీకి వెళ్ళి, పేపర్లన్నీ చదివి, అవసరం లేకపోయినా ఇంకో చుట్టు తిరిగి ఇంటికి చేరేవారు. ఆయన పక్క సీటు మార్లిస్‌ది. తుంటి ఆపరేషనై, వాకర్ పట్టుకుని ఫిజియోథెరపీకి వెళ్ళే పెద్దావిడ. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమయ్యేది. కబుర్లకి మాత్రం లోటుండేది కాదు.

మంచు బస్సుని నానా తిప్పలూ పెట్టింది. గాలికి లేచిన మంచుపొడిని అది గోడనుకునేది. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు బురదై కెమెరాలకి అంటుకునేది. రోడ్డుకి రెండువైపులా గుట్టలు పెరుగుతుంటే, నిన్నటి రోడ్డు ఇవాళ దానికి కొత్తగా కనిపించేది. అన్నిటికీ భానుశ్రీ రాసిపెట్టిన సూత్రం ఒకటే: అనుమానం వస్తే ఆగు. ఆగిన బస్సు ఎవరికీ హాని చెయ్యదని ఆమె నమ్మకం.

జనవరిలో ఒక మధ్యాహ్నం. రాత్రికి వస్తుందన్న మంచు ముందే వచ్చేసింది. బస్సు ఆస్పత్రి దాటి, సరస్సు పక్కన చెట్టూ చేమా లేని పొలాల మధ్యకి చేరేసరికి గాలి ఒక్కసారిగా లేచింది. ముందు రోడ్డు పోయింది, తర్వాత కంచె పోయింది, చివరికి ఆకాశం ఎక్కడో నేల ఎక్కడో తెలియలేదు. బస్సు నేర్పినట్టే చేసింది. వేగం తగ్గించి, లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ ఆగింది. ఆగడం సరిగ్గా రోడ్డు నడిమధ్యన ఆగింది.

లోయిస్ కంట్రోలర్ అందుకుని బస్సుని పక్కకి తియ్యబోయింది. ముందు చక్రాలు మంచు దిబ్బలో దిగబడి, ఉన్నచోటే తిరిగాయి.

భానుశ్రీ ఫ్రీమాంట్‌కి ఫోన్ చేసింది. అక్కడ స్క్రీన్ ముందు కూర్చుని బస్సుని గమనిస్తుండేది లోకేష్. బస్సు సేఫ్‌గా స్టాప్ అయిందనీ, హీటర్‌కి బ్యాటరీ సరిపోతుందనీ, ఎవరూ దిగకుండా వెయిట్ చేయమనీ అతను చెప్పాడు. భానుశ్రీ ఊపిరి పీల్చుకుని ఆ మాటే లోయిస్‌కి చెప్పింది.

లోయిస్ వెనక అద్దంలోకి చూస్తూ మెల్లగా అంది. "మనం ఆగాం. వెనకొచ్చేవాళ్ళకి ఆ సంగతి తెలియదు."

మంచు ఊడ్చే లారీ ఈ రోడ్డు మీదికి వచ్చే వేళయింది. ఆ తెల్లటి గాలిలో దాని డ్రైవరుకి ఈ చిన్న బస్సు దగ్గరికొచ్చేదాకా కనపడదు. లోయిస్ షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేసింది. లారీకి కబురు పంపిస్తాం కానీ సరస్సు ఒడ్డున రేడియో సరిగ్గా అందదు, దగ్గర్లో ఉన్న ఇంటికి కూడా ఫోన్ చేస్తాం అన్నారు.

భానుశ్రీ మార్లిస్ వాకర్ వంక చూసింది. ఆ మంచులో ఆవిణ్ణి దించి ఎక్కడికి నడిపించగలరు? ఆగమని బస్సుకి నేర్పింది తనే. ల్యాప్‌టాప్‌లో ఆ సూత్రాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉండిపోయింది. ధర్మారావుగారు లేచి వచ్చి పక్కన కూర్చున్నారు.

"నువ్వలా బిగుసుకుపోతే ఎట్లా అమ్మా? దానికి తెలిసిందది చేసింది. ఇక మనకి తెలిసింది మనం చేద్దాం. ముందు ఆ పెద్దావిడకి బెల్టు పెట్టు, నా చేతులకి అది అంతుపట్టట్లేదు."

భానుశ్రీ వెళ్ళి మార్లిస్‌కి బెల్టు పెట్టింది. చేతికి పని దొరికాక కాస్త తేరుకుంది.

అంతలో వెనక ఎత్తున ఒక పసుపు వెలుగు కనిపించింది. నెమ్మదిగా దగ్గరికొచ్చి, కాస్త దూరంలోనే ఆగింది. అది ట్రాక్టరు. దాన్ని రోడ్డుకి అడ్డంగా పెట్టి, ఉన్న లైట్లన్నీ వేసి, కంచె పట్టుకుంటూ ఒక మనిషి బస్సు దాకా నడిచొచ్చాడు. గడ్డం నిండా మంచు. పేరు ఆర్నీ అనీ, పొలం అవతల ఇల్లు తనదేననీ, షెరిఫ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చిందనీ చెప్పాడు. ఎవరూ దిగవద్దన్నాడు. తను ఇంకొంచెం వెనక్కి వెళ్ళి దూరానికి కనపడేలా ఎర్రగా మండే మంటకర్ర వెలిగించుకుని నిలబడతానన్నాడు.

లారీ ఆగకపోతే ట్రాక్టరుని గుద్దుతుంది కదా అని అడిగింది భానుశ్రీ.

"దానికి దెబ్బ తగిలితే బాగుచేసుకుంటాను" అని అతను వెనక్కి నడిచి ఆ తెలుపులో కలిసిపోయాడు.

లారీ రావడం ముందు చెవులకే తెలిసింది. ఇనప రేకు రోడ్డుని గీరుతున్న చప్పుడు. భానుశ్రీ తనకి తెలియకుండానే ధర్మారావుగారి చెయ్యి పట్టుకుంది. చప్పుడు పెరిగి, పెరిగి, బుస్సుమని బ్రేకుల మోతగా మారి ఆగిపోయింది. లారీ డ్రైవరు మొదట ఆర్నీ చేతిలోని ఎర్రటి మంటనీ, తర్వాత ట్రాక్టరు లైట్లనీ చూశాడు.

తర్వాతంతా తేలిగ్గా జరిగిపోయింది. ఆర్నీ ట్రాక్టరుని పక్కకి తీశాక లారీ ముందుకొచ్చి దారి ఊడ్చింది, గొలుసు వేసి బస్సుని దిబ్బలోంచి లాగింది. లోయిస్ కంట్రోలర్‌తో బస్సుని ఆ లారీ వెనకే నడిపి ఆర్నీ వాకిట్లో ఆపింది. మార్లిస్‌ని ఆర్నీ, లారీ డ్రైవరూ కలిసి ఇంట్లోంచి తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళి వంటింట్లో దించారు. పొయ్యి మీద ఉన్నది మాంసం సూప్. ధర్మారావుగారు తినరని తెలిసి ఆర్నీ రొట్టె కాల్చి, చీజ్ కోసి, వెనిగర్‌లో ఊరేసిన బీట్‌రూట్ సీసా మూత తీశాడు. ఆయన సగం సీసా ఖాళీ చేశారు.

గాలి తగ్గేదాకా అక్కడే కూర్చున్నారు. భానుశ్రీ ధర్మారావుగారితో తెలుగులో అంది.

"అంకుల్, కాఫీ ఇచ్చినవాళ్ళకీ థాంక్యూ అంటాం. ఈయనకీ అదేనా అనేది?"

"మన భాషలో మటుకు అంత పెద్ద మాట ఎక్కడుందమ్మా?" అన్నారాయన. "మర్చిపోకుండా ఉండటమే."

భానుశ్రీ మర్నాటి నుంచి ఆ సూత్రాన్ని తిరగరాయడానికి కూర్చుంది. గాలి తీరు మారగానే, దారి ఇంకా కనిపిస్తుండగానే, బస్సు రోడ్డు దిగి ఒక చోటికి చేరుకోవాలి. కానీ ఆ పొలాల మధ్య చేరుకోవడానికి చోటేదీ? ఉన్నవి ఇళ్ళ వాకిళ్ళే. ఒకరి ఇంటిముందుకి మన బస్సు చెప్పాపెట్టకుండా వెళ్తానంటే ఎవరొప్పుకుంటారని లోకేష్ అడిగాడు. అయినా అతనే మేనేజర్లతో రోజుల తరబడి వాదించి, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే సరేననిపించాడు.

లైబ్రరీలో మీటింగ్ పెట్టారు. భానుశ్రీ జరిగింది దాచకుండా చెప్పింది. తన బస్సు ఆగకూడని చోట ఆగిందనీ, ఆర్నీ లేకపోతే ఏమయ్యేదో ఊహించలేననీ చెప్పి, వాకిళ్ళు అడిగింది. ఆర్నీ చెయ్యెత్తాడు. ఆయన వెనక వరసలో ఇంకొకరు, కిటికీ దగ్గర ఒక జంట, తలుపు దగ్గర నిలబడ్డ పాడి రైతులు. ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. ఒకావిడ మాత్రం తన కుక్క మొరుగుతుంది, కరవదు అని చెప్పింది. ఆ వారంలోనే ఆ ఇళ్ళ ముందు, మంచులోనూ కనపడేలా నారింజ రంగు పూసిన కర్రలు లేచాయి. బస్సుకి ఆ కర్రలని గుర్తుపట్టడం నేర్పింది భానుశ్రీ.

ఫిబ్రవరిలో మళ్ళీ గాలి లేచింది. బస్సులో మార్లిస్, ధర్మారావుగారు, లోయిస్, భానుశ్రీ. లోయిస్ కంట్రోలర్ పట్టుకుంది కానీ బొటనవేలు కదపలేదు. పొలాల అంచున మంచుపొడి పాముల్లా పాకడం మొదలవగానే బస్సు తనంతట తనే వేగం తగ్గించి, రెండు నారింజ కర్రల మధ్యకి తిరిగి, ఆర్నీ వాకిట్లోకి వెళ్ళి ఆగింది. ఆ వెనకే రోడ్డు మాయమైంది.

భానుశ్రీ తలుపు తెరుచుకుని దిగింది. మోకాళ్ళ దాకా దిగబడతాననుకున్న కాలు గట్టి నేల మీద ఆనింది. వాకిలంతా ఊడ్చి ఉంది. అంత గాలిలో ఒకసారి ఊడిస్తే నిలిచేది కాదు. ఆర్నీ పొద్దుటినుంచి, వస్తుందో రాదో తెలియని బస్సు కోసం, మళ్ళీ మళ్ళీ ఊడుస్తూనే ఉండుంటాడు. అటు చివర పార పట్టుకుని ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు.

భానుశ్రీ కొట్టానికి ఆనించి ఉన్న రెండో పార తీసుకుని వెళ్ళి అతని పక్కన నిలబడింది.