బావి బందైన ఆదివారం

అన్నం వార్చి, గిన్నెలు కడిగి, పానా నడుముకు దోపుకుని బావెక్కుతాను. బావంటే నీళ్ల బావి కాదు. ఎగ్జిబిషన్లలో మోటార్ సైకిల్ గోడ మీద గిరగిరా తిరిగే మృత్యుబావి. సూర్యాపేటలో విప్పి కోదాడలో నిలబెడతాం, కోదాడలో విప్పి మిర్యాలగూడలో నిలబెడతాం. గోడంతా నిలువు చెక్కలే. బండి తిరిగిన ప్రతిసారీ చెక్కలు అదురుతాయి, బోల్టులు వదులవుతాయి. ఎండకు కట్టె ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. రోజూ ఎవరో ఒకరు బయటి వైపు నుంచి ఎక్కి, చెక్క చెక్కనూ తట్టి చూసి, బోల్టులు బిగించాలి. ఆ ఎవరో ఒకరు పెళ్లయిన కొత్తలోనే నేనయ్యాను. చేయి నొప్పిగా ఉందని నా భర్త ఉపేందర్ అంటే పానా అందుకున్నాను. ఆ నొప్పి ఇంతవరకూ తగ్గలేదు.

జనం వచ్చే వేళకు మాత్రం దిగిపోవాలి. "ఆడిమనిషి బిగిచ్చిందంటే జనం నవ్వుతరు వదినా," అంటాడు మరిది మహేశ్వర్. మైకు అతనిది. "ప్రాణాలకు తెగించిన మొనగాడు ఉపేందర్" అని అతను అరుస్తుంటే నేను గుడారం వెనక ఉల్లిగడ్డలు కోస్తుంటాను.

మొన్న ఆదివారం కోదాడలో, రాత్రంతా వాన పడ్డాక, పై వరుసలో ఒక చెక్కను తట్టితే ఎప్పటి చప్పుడు రాలేదు. వంగి చూశాను. బోల్టు పట్టే చోట నిలువునా పగులు, నా గోరు దూరేంత. దిగి వచ్చేసరికి ఉపేందర్ అన్నం తింటున్నాడు.

"పైన చెక్క పగిలింది. ఇయ్యాల ఆట వద్దు, కొత్తది ఏపిద్దాం," అన్నాను.

"గీతంత పగులుకే ఆట బంద్ పెడ్తరా? జర చారు పొయ్యి."

"బోల్టు కాడ పగిలింది. వచ్చి నీ కండ్లతోని సూడు."

"నడిపేటోనికి తెల్వదా? నువ్వు బిగిచ్చుడు వరకే సూస్కో."

"ఆదివారం వదినా. కోదాడంత ఈడనే ఉంటది ఇయ్యాల," అన్నాడు మహేశ్వర్.

చారు పోశాను. పోసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. పైన కమ్మీల మీద నుంచి లోపలికి వంగి చూసే పిల్లలు కళ్లముందు మెదిలారు. ఉపేందర్ కూడా. ఆయన మీద నాకు కోపమే, కానీ ఆయన పడిపోవాలని లేదు. పడితే నలుగురూ ఏమంటారో కూడా తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారీ మైకులో రాని నా పేరు అప్పుడు అందరి నోటా వస్తుంది. పానా దాచేద్దామా అంటే, బిగించకుండానే నడిపేస్తారు. బావి తలుపుకు అడ్డం పడుకుందామా అంటే, పిచ్చి లేచిందని రెక్కపట్టి లాగేస్తారు. ఇన్నేళ్లు ఆ గోడను పట్టుకుని వేలాడిన మనిషి మాటకు విలువ లేకపోతే ఇంకేం చెబితే ఆగుతారు వీళ్లు?

బయట మా అత్త రుక్కమ్మ బావి తలుపు దగ్గర మైసమ్మకు కొబ్బరికాయ కొట్టబోతోంది. ఆ కాయ కొట్టాకే బండి తీస్తారు. ముట్టయిన ఆడది కట్టెను తాకిందంటే ఆ రోజుకు కాయ లేదు, ఆట లేదు. పసుపునీళ్లు చల్లి మర్నాటిదాకా ఆగాల్సిందే. అది మా ఇంట్లో ఎవరూ దాటని మాట.

ఉపేందర్ బండి స్టార్ట్ చేశాడు. నేను వెళ్లి తలుపు ముందు నిలబడ్డాను.

"కాయ కొట్టకు అత్తా. నేను ముట్టయిన. పొద్దటి సంది బావంత ముట్టుకున్న."

బండి చప్పుడు ఆగింది. పగులుకు భయపడని మొనగాడి ముఖం తెల్లబోయింది.

"ముందుగాల సెప్పద్దా? గింత బుద్ధి లేదా నీకు?" అన్నాడు గొంతు తగ్గించి.

జనానికి వినబడకూడదు కదా. మహేశ్వర్ మైకు తీసుకుని, బావిలో లోపం వల్ల ఈరోజు ఆట లేదని చెప్పాడు. సాకుగా చెప్పినా అతను మైకులో చెప్పిన నిజం అదొక్కటే. నన్ను గుడారం దగ్గరే ఉండమన్నారు. ఎట్లాగూ బందే కదా అని సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ఎక్కి ఆ చెక్క విప్పారు. బోల్టు తీయగానే అది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. ఉపేందర్ ఆ ముక్కల్ని కింద పెట్టి దండం పెట్టుకున్నాడు.

"మైసమ్మ కాపాడింది," అన్నాడు.

రుక్కమ్మ పసుపునీళ్లు చల్లుతూ బావి చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చి ఆగింది.

"వానికి యాదికి రాలేదా బిడ్డా?" అంది మెల్లగా.

"రాలేదత్తా."

"నువ్వు గూడ యాది చెయ్యకు," అని, చెంబులో మిగిలిన నీళ్లు గుడారం ముందు పోసి వెళ్లిపోయింది.

మిర్యాలగూడ దవాఖానలో నా గర్భసంచి తీసేసి రెండేళ్లయింది. మంచం పక్కన కూర్చుని నాకు జావ తాగించింది మా అత్త. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది ఉపేందరే.