ఒక్క మోదుగు చెట్టు

చిల్కూరు పార్కు గేటు దగ్గర షారోన్ మూడు టికెట్లు తీసుకుంది. తల్లి బీరమ్మ కారు దిగి, డోరు పట్టుకుని కాసేపు నిలబడింది. తండ్రి మల్లప్ప అప్పటికే కంచె అవతలి గుట్టను చూస్తున్నాడు.

“మన మేకలు మేసిన గుట్టకు పైసలిచ్చి పోవుడు గమ్మతిగున్నది” అన్నది బీరమ్మ.

“మేకలకు టికెట్ లేకుండె” అన్నాడు మల్లప్ప.

వాళ్లది కనకమామిడి. సోమవారం బీరమ్మకు గుండె ఆపరేషన్. ఆమె ఒకటే షరతు పెట్టింది. తన తొలిచూలు బిడ్డను పెట్టిన చోటు చూపించాలి. లేకపోతే దవాఖానకు రాదు.

ఆ బిడ్డ పురిట్లోనే చనిపోయింది. అట్లా పోయిన బిడ్డను తండ్రి ఒక్కడే గుట్టకు తీసుకెళ్లి పెట్టి రావడం వాళ్ల ఇళ్లలో పద్ధతి. చోటు తల్లికి చెప్పరు. చెబితే ఆమె రోజూ అక్కడికే పోతుందని, పాలు ఆరవని అంటారు. మల్లప్ప చెప్పలేదు. తర్వాత షారోన్ పుట్టింది. గుట్ట చుట్టూ కంచె పడి నేషనల్ పార్కు అయింది. మేకలు అమ్మేశారు. బీరమ్మ అడగడం మానేసింది. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పిన రోజు మళ్లీ అడిగింది.

“యాదికున్నదా బాపు?” అని షారోన్ ముందే అడిగి పెట్టుకుంది.

“ఎందుకుండది? గుట్ట ఎనక దిక్కు మొత్తం మీద ఒక్కటే మోదుగు చెట్టు. దాని కిందనే.”

పార్కు వ్యాను నడిపేది, చూపించేది యాదగిరి. పొదల దగ్గర ఆపి మచ్చల జింకలను చూపించాడు. గుట్ట మీద ఆపి గండిపేట నీళ్లను చూపించి, అది నిజాం కట్టించిన చెరువని చెప్పాడు. బీరమ్మ అటు తిరగలేదు. మల్లప్ప మొహమే చూస్తూ కూర్చుంది.

“ఇగ అసలైంది సూడుండ్రి. ఈ నెల్ల అందరు దీనికోసమే వస్తరు” అని యాదగిరి వ్యాను మలుపు తిప్పాడు.

గుట్ట వెనక వాలు మొత్తం మోదుగు చెట్లే. ఆకు రాలిపోయి పూసి ఉన్నాయి. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఫొటోలు దిగుతున్నారు. మల్లప్ప వ్యాను దిగలేదు.

“ఇన్నెట్ల అయినయ్?” అని అడిగాడు.

“కొట్టేటోళ్లు లేరు, మేపేటోళ్లు లేరు. పాత ఏర్లకెల్లి మొలిచినయ్. కంచె పడంగనే గుట్ట తేరుకున్నది పెద్దయ్యా.”

మల్లప్ప దిగాడు. ఒక్కో చెట్టు దగ్గరికి పోయి, మాను మీద చెయ్యి పెట్టి, కింద రాళ్లు చూసి, ఇంకో చెట్టు దగ్గరికి పోయాడు. షారోన్ వెనకనే నడిచింది.

“ఏదో ఒకటి చూపెట్టు బాపు. అవ్వకెట్ల ఎరుక? ఆపరేషన్ గావాలె గద.”

“ఏది చూపెట్టాలె?”

“గదేదన్న.”

బీరమ్మ బండ మీద కూర్చుని ఉంది. మల్లప్ప ఆమె ముందుకు వచ్చాడు. ఒక చెట్టు వైపు చెయ్యి ఎత్తాడు. మళ్లీ దించాడు.

“దొరుకుతలేదు” అన్నాడు.

“నేనడిగిననాడు చెప్పకపోతివి” అన్నది బీరమ్మ. “ఇయ్యాల చెప్పుదామంటే నీ తాన లేదు.”

షారోన్ అటు తిరిగి నిలబడింది. పూల కింద ఎవరో నవ్వుతున్నారు. మల్లప్ప బండ పక్కన నేల మీద కూర్చున్నాడు.

“ఎట్ల పెట్టినవ్?” అన్నది బీరమ్మ. “గదన్న చెప్పు.”

“మోకాళ్ల లోతు తవ్విన. గడ్డపారకు బండ తాకింది. జర పక్కకు జరిగి తవ్విన. కాళ్లు తూర్పుకు పెట్టిన. నక్కలు తవ్వకుంట మీద రాళ్లు పేర్చిన.”

“ప్రార్థన?”

“చేసిన. నడుమల మర్శిపోయిన. మళ్ల మొదటికెల్లి చేసిన.”

“దేంట్ల సుట్టినవ్?”

“టవల్ల.”

“ఏ టవల్ల?”

“ఎర్రంచుది. చర్చికి ఏసుకునేది.”

బీరమ్మ తలెత్తింది.

“అది చేవెళ్ల సంతల పోగొట్టుకున్న అంటివి గద.”

“అంటి.”

“దానికోసమేనా నిన్ను గంత తిట్టిన?”

“తిట్టినవ్. మీ అన్నల ముంగట గూడ తిట్టినవ్. సంతల నేను గూడ తప్పిపోతే పీడ పోతుండె అన్నవ్.”

“నోరు లేదా? చెప్పొద్దా?”

“చెప్తే చోటు అడుగుతవు గద.”

కింద వ్యాను హారన్ మోగింది. యాదగిరి, “పెద్దమ్మా, గేటు బందు జేస్తరు” అని కేకేశాడు. షారోన్ వచ్చి తల్లికి చెయ్యి ఇచ్చింది. బీరమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. మల్లప్ప భుజం మీద చెయ్యి ఆనించి తనే లేచింది. ఆ భుజం మీద ఉన్న టవల్ తీసుకుని మొహం తుడుచుకుంది. మళ్లీ ఒకసారి వాలు అంతా చూసింది.

టవల్ తిరిగి ఇవ్వలేదు. సోమవారం పొద్దున దవాఖానకు పోవడానికి కారెక్కినప్పుడు కూడా అది ఆమె చేతిలోనే ఉంది.