సిరిల్ కాలి వేడి

గురువారం పొద్దున్నే ఎనిడ్ వంటింటి తలుపు తీసి, తీసినందుకు తనను తానే తిట్టుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పిండి గిన్నెలతో అప్పుడే వరసకట్టారు. పొయ్యి పక్కన ఆమె మొగుడు సిరిల్ ప్యాంటు మోకాలి దాకా మడిచి, ఎడమకాలు స్టూలు మీద చాపుకుని, కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

ఇంగ్లండులోని బోల్టన్‌లో ఆ వీధివాళ్లు రొట్టెలు కాల్చుకునేది గురువారమే. సిరిల్ కాలి ఎముక లావెక్కి, వేడెక్కి, విల్లులా వంగడం మొదలైనప్పటి నుంచి పిండి పొంగించుకోవడానికి అందరూ అతని దగ్గరికే వస్తున్నారు. తడిగుడ్డలో చుట్టిన ముద్దను ఆ కాలికి ఆనిస్తే చాలు, కప్పు టీ తాగేలోపు ఉబ్బి కూర్చుంటుంది.

"ఆ కాలు నీదా, వీధిదా?" అంది ఎనిడ్, నేల మీద పడ్డ పిండి తుడుస్తూ.

"ఊరికే అరవకు. మా అమ్మకీ ఇంతే, మా మామయ్యకీ ఇంతే. ముసలితనం."

"మీ అమ్మ ఆఖరి రోజుల్లో కర్ర లేకుండా గుమ్మం దాటిందా? టోపీ తలకి పట్టకపోతే టోపీ ముడుచుకుపోయిందంటావు. చెవి వినపడకపోతే నేను గొణుగుతున్నానంటావు. నీతో వేగలేక చస్తున్నాను!"

కిందటి నెల ఎనిడ్ పోరు పడలేక ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. ముందుగా పిండి ఎంతసేపట్లో పొంగుతోందని అడిగింది. టీ తాగేలోపే అనగానే, "అయితే జబ్బు మంచి జోరు మీదుంది" అంది. రక్తపరీక్షా అదే మాట చెప్పింది.

"ఒంట్లో పాత ఎముక పోతూ కొత్తది వస్తూనే ఉంటుంది సిరిల్ గారూ. మీ కాల్లో ఆ పని మరీ హడావిడిగా సాగుతోంది. తొందరపడి కట్టిన గోడలాగా లావే తప్ప బలం ఉండదు. దీన్ని పేజెట్ జబ్బంటారు. సెలైన్‌లో మందు ఎక్కిస్తే నెమ్మదిస్తుంది. వంగింది తిన్నగా కాదు గానీ, ఇంకా చెడకుండా ఆగొచ్చు."

"మరి వేడి?"

"అదీ తగ్గిపోతుంది."

సిరిల్ పట్టని టోపీ నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాడు. ఎంత బతిమాలినా మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఎందుకో ఎనిడ్‌కి తెలుసు. పనిచేసే మిల్లు మూతపడి, చెవులు మొరాయించాక అతన్ని పలకరించేవాళ్లే కరువయ్యారు. గురువారం ఒక్కటే ఇల్లు నిండేది. అది తెలిశాక మనసారా తిట్టడం కూడా కుదరక, ఆమెకి ఇంకా ఒళ్లు మండేది.

ఆ గురువారం మధ్యాహ్నం ఎదురింటి మేవిస్ కాల్చిన రొట్టెతో తిరిగొచ్చింది. "ఎనిడ్, ఇది చూడవే." రొట్టె నడుం మీద అడ్డంగా సన్నటి పగులు. వెనకే మిగతావాళ్లూ వచ్చారు. బల్ల మీద వరసగా పేర్చి చూస్తే అన్ని రొట్టెలూ అదే చోట పగిలి ఉన్నాయి.

మేవిస్ వంగి, సిరిల్ కాలి మీద అదే చోట బొటనవేలితో నొక్కింది. సిరిల్ కెవ్వుమన్నాడు.

"ఎన్నాళ్లుగా ఈ నొప్పి?" అంది ఎనిడ్.

"శనివారం బౌల్స్ పోటీ అయ్యాక చెబుదామనుకున్నా."

"మా రొట్టెల కోసం కాలు విరగ్గొట్టుకుంటావా, మొండి ముసలోడా?" అంది మేవిస్. "నీ కాలి దగ్గరికి ఇంకోసారి పిండి తెస్తే ఒట్టు."

ఆ మాటతోనే సిరిల్ ఆసుపత్రికి కదిలాడు. ఎక్స్‌రేలో ఎముక సరిగ్గా అక్కడే చిట్లి కనిపించింది. శనివారం పచ్చిక మీద బంతి దొర్లించడానికి కాలు ముందుకేసి ఉంటే, ఇక ఆ కాలి మీద లేచేవాడు కాదంది డాక్టరమ్మ. కాలికి కట్టు, చంకలకి కర్రలు వచ్చాయి. మందు ఎక్కించిన రాత్రి జ్వరంతో మూలిగాడు. కట్టు విప్పేనాటికి ఎముక చల్లబడింది, నొప్పి తగ్గింది. సంతోషంతో ఎనిడ్‌కి ఏడుపొచ్చింది.

మరుసటి గురువారం వంటిల్లు అద్దంలా ఉంది. ఇన్నేళ్లుగా ఆమె కోరుకున్నది అదే. సిరిల్ ప్యాంటు మోకాలి దాకా మడిచి, చల్లని కాలు స్టూలు మీద పెట్టుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. పదయింది. పదకొండయింది. తలుపు చప్పుడు కాలేదు.

ఎనిడ్ ఆప్రాన్ విప్పి కుర్చీ మీదికి విసిరింది. కోటు తొడుక్కుంది.

"ఎక్కడికే?"

"వీధిలోకి. పిండి పొంగకపోతే ఈ ఇంట్లో మనిషి లేనట్టేనా? ఒక్కొక్కదాన్నీ రెక్క పట్టుకుని లాక్కొస్తాను. నువ్వు లేచి టీ పెట్టు."