మడ్డిలో ఏడో పాట

"చూసి తుడువే. అవి ఇంకెక్కడా దొరికే సరుకు కాదు," అన్నాడు రామ్‌గోపాల్, కాఫీ గ్లాసు అందుకుంటూ.

భార్య సుచిత్ర ఒక కన్ను పాలగిన్నె మీద వేసి, స్పిరిట్లో ముంచిన దూదితో బూజు పట్టిన క్యాసెట్టు రీలును అంగుళం అంగుళం తుడుస్తోంది. ఇరవై రెండేళ్లుగా ఆ క్యాసెట్ల పెట్టెను బీరువా మీద నుంచి మంచం కిందికి, మంచం కింద నుంచి అటక మీదికి మోసింది ఆమే. ఎలకలు కొట్టకుండా కలరా ఉండలు వేసింది ఆమే. జాగ్రత్త నేర్పే మనిషి మాత్రం ఇవాళ దొరికాడు.

నల్లబెల్లం అని వీళ్ల హార్డ్ రాక్ బ్యాండు. ఇంజనీరింగు చదివే రోజుల్లో పెట్టారు. తాతబ్బాయి గిటారు, నితీష్ పాట, రామ్‌గోపాల్ డ్రమ్ములు. అనకాపల్లిలో సుచిత్ర మామగారి బెల్లం గోడౌనులో రిహార్సళ్లు చేస్తుంటే ఆ మోతకి దిమ్మల మీది ఈగలు కూడా లేచిపోయేవి. వైజాగులో ఒక కంపెనీ వీళ్లది ఒకే ఒక్క క్యాసెట్టు వేసింది. తర్వాత ఎవరి వ్యాపారాల్లో వాళ్లు పడ్డారు. ఇప్పుడు హైదరాబాదు కుర్రకారుకి ఆ పాటలంటే వెర్రి పట్టిందట. ఒక చిన్న సంస్థ, ఎవరూ వినకుండా వదిలేసిన బి సైడు పాటలూ అసలు బయటికే రాని పాటలూ ఏరి ఆల్బం వేస్తోంది. పేరు "మడ్డి". చెరుకురసం కాగేటప్పుడు పైకి తేలితే తీసి పారేస్తారే, ఆ మడ్డి. ఆ పేరు అన్నది సుచిత్ర. "భలే పేరు తట్టిందిరా నాకు" అని ఫోన్లో అందరికీ చెప్పుకున్నది రామ్‌గోపాల్.

అందులో ఏడో పాటకి డ్రమ్ములు సుచిత్రవి. పెళ్లయిన రెండో ఏడు, మగవాళ్లు మార్కెట్టుకి పోయాక ఖాళీ గోడౌనులో ఆ డ్రమ్ముల ముందు కూర్చుని తనకు తానే నేర్చుకుంది. ఆమెది ఎడమచేతి వాటం. "ఎడం చేత్తో వడ్డిత్తావేటే, సుట్టాలు సూత్తే నవ్విపోరూ," అంటూ అత్తగారు గంగాభవాని గరిటె లాక్కుని కుడిచేతిలో పెట్టేది. డ్రమ్ముల దగ్గర లాక్కునేవాళ్లు లేరు. ఒక రోజు రికార్డింగు మనిషి వచ్చి కూర్చున్నాడు, రామ్‌గోపాల్ చూస్తే మార్కెట్టులో ఇరుక్కుపోయాడు. టీలు తెచ్చిన సుచిత్ర గ్లాసులు పక్కన పెట్టి, "నేను వాయించనా?" అంది. నాలుగో నెల కడుపుతో వాయించింది. అంత సంతోషం ఆమె మళ్లీ ఎరగదు. పిల్ల పుట్టినప్పుడు కూడా అంత లేదని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గు లేదు. అడిగినవాళ్లే లేరు.

క్యాసెట్టులో ఆ పాట రాలేదు. "నీ వాయింపు బాగోలేదని కంపెనీవోళ్లు తీసేసేరు. సెప్పేను కదా, ఆడోళ్ల పని కాదని," అన్నాడు రామ్‌గోపాల్. ఆమె నమ్మింది. మళ్లీ కర్ర పట్టలేదు. వంటింట్లో గిన్నె మీద వేళ్లు ఆడితే తనే సిగ్గుపడి ఆపేసుకునేది.

శుభ్రం చేసిన క్యాసెట్లు హైదరాబాదు వెళ్లాయి. డబ్బాలూ అట్టలూ ఇంట్లోనే ఉన్నాయి. పది రోజులకి సంస్థ నుంచి ధనశ్రీ అనే అమ్మాయి ఫోన్ చేసింది. తాతబ్బాయి కూడా టిఫినుకి వచ్చి ఉన్నాడని రామ్‌గోపాల్ స్పీకరు పెట్టాడు.

"సార్, ముందు ఏడో పాటే విడుదల చేస్తాం. డ్రమ్స్ మామూలుగా లేవు! అందులో వాయించింది వేరే మనిషి కదూ?"

"అన్నీ నేనేనమ్మా," నవ్వాడు రామ్‌గోపాల్. "ఆ రోజు మూడ్ అలా కుదిరింది."

సుచిత్ర తాతబ్బాయి ప్లేటులో ఇంకో గరిటె ఉప్మా వేసింది. "చాలు వదినా," అన్నాడు అతను తల ఎత్తకుండా. ఉప్మా వద్దనడానికి నోరు లేస్తుంది వెధవకి, అనుకుంది.

అతను వెళ్లాక రామ్‌గోపాల్ గొంతు తగ్గించాడు. "శనివారం వైజాగులో సభ. ఆ పాట వాయించాలట. కాస్త నేర్పేయ్ నాకు. ఎవరితో అనకు."

మేడ మీదికి కొత్త డ్రమ్ములు వచ్చాయి. బడిలో ఆరు పీరియడ్లు లెక్కలు చెప్పి వచ్చి, కుక్కరు పెట్టి, మేడెక్కి, తన వాయింపు మొగుడికి నేర్పింది సుచిత్ర. ముక్కలు చేసి, చంటిపిల్లాడికి అన్నం కలిపి పెట్టినట్టు. ఎడమచేతి నడక ఆయన కుడిచేతికి ఎక్కలేదు. "నువ్వు సరిగ్గా సెప్పట్లేదు," అని విసుక్కునేవాడు. మళ్లీ తనే బుజ్జగించేవాడు. "నీ పేరూ ఏయిత్తాన్లే. టీలూ టిఫిన్లూ అందించిన సుచిత్రకి థాంక్సని."

గురువారం ధనశ్రీ క్యాసెట్ల లోపలి అట్టలన్నీ ఫోటోలు తీసి పంపమంది. ఆ చాకిరీ ఎవరిదో చెప్పక్కర్లేదు. ఏడో పాట క్యాసెట్టు అట్ట లాగితే దాని వెనక మడతపెట్టిన కాగితం కనిపించింది. వైజాగు కంపెనీ ఉత్తరం. "మీరు చివర పంపిన పాటే అన్నిటికంటే మేలు. దానికి డ్రమ్ములు వాయించినవారే మిగతా పాటలకీ వాయిస్తే, అన్నీ మా ఖర్చుతో మళ్లీ రికార్డు చేద్దాం." కింద రామ్‌గోపాల్ చేతిరాత: "ఆ పాట తీసేయమని ఫోన్ చేశాను."

మూడుసార్లు చదివింది. పాటని చంపేసి ఊరుకున్నా సరిపోయేది. నేరం తెచ్చి ఆమె చేతులకి అంటగట్టాడు. ఆ చేతులతోనే ఇన్నేళ్లూ వండించుకున్నాడు. వాటిని ఇన్నేళ్లూ అసహ్యించుకున్నది మాత్రం తను.

ఉత్తరం ఫోటో తీసి ధనశ్రీకి పంపింది. "ఏడో పాటకి వాయించింది నేను. పేరు సుచిత్ర. అదే వెయ్యండి," అని రాసింది. ఆ కాగితం పట్టుకుని మేడెక్కి రామ్‌గోపాల్ ముందు పెట్టింది.

ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అప్పుడు నువ్వు కడుపుతో ఉన్నావు కదే. ఊళ్లో ఏటనుకుంటారని... ఇప్పుడెందుకే ఈ పాత కతలు? ఎల్లుండే సభ. రా, ఇంకోసారి సూపించు."

"హైదరాబాదుకి పంపేశాను. పేరుతో సహా."

రామ్‌గోపాల్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కాగితం ఇంకోసారి చూసుకున్నాడు.

"లేవండి," అంది సుచిత్ర.

ఆయన లేచాడు. పక్కన నిలబడి, అలవాటుగా ఆమె చేతుల మీదికి వంగాడు, ఎక్కడెక్కడ కొడుతుందో గుర్తుపెట్టుకుందామని.

సుచిత్ర ఈసారి ఆయనకి అర్థమయ్యేలా నెమ్మదిగా వాయించలేదు.